వెన్నెముక వాతం: జన్యువులు ఏం సాక్ష్యం చెబుతున్నాయి?

(ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినబడుతోందా? వినబడుతోందా అమ్మా? సరే. మొదలుపెట్టే ముందు ఒక్క మాట. మీలో చాలామందికి ఎక్కువసేపు కూర్చుంటే నడుము పట్టేస్తుందని నాకు తెలుసు. మధ్యలో లేచి నిలబడండి, గోడ పక్కన అటూ ఇటూ నడవండి. మొహమాటపడకండి. ఈ రోగానికి కదలికే మంచిది.

ఒక కాగితం గురించి చెబుతాను. కొన్నాళ్ల కిందట ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి. చేతిలో ల్యాబ్ రిపోర్టు. దాన్ని ఎన్నిసార్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడో గానీ మడతల దగ్గర కాగితం చిరగడానికి సిద్ధంగా ఉంది. అందులో ఒకే ఒక్క లైను. హెచ్‌ఎల్‌ఏ-బీ27, పాజిటివ్. బీ27 అంటే ఈ రోగంతో ముడిపడిన ఒక జన్యు గుర్తు, అది ఉందని అర్థం. ఆ పాజిటివ్ అన్న మాట చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. అబ్బాయికి నడుము నొప్పి లేదు, పొద్దున లేచేసరికి బిగుసుకుపోవడం లేదు, కన్ను ఎర్రబడటం లేదు. అన్నయ్యకు ఈ జబ్బు ఉందని భయపడి తనూ టెస్టు చేయించుకున్నాడు. "డాక్టర్ గారూ, నా వెన్ను ఎప్పటికి బిగుసుకుపోతుంది?" అని అడిగాడు. వస్తుందా రాదా అని అడగలేదు. ఎప్పటికి, అని అడిగాడు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. జన్యువుల్ని జాతకంలాగా చదవడం మనకు అలవాటైపోయింది. నుదుటి రాత ఉన్న చోట ఇప్పుడు ల్యాబ్ రిపోర్టు వచ్చి కూర్చుంది. మేం పరిశోధనలో జన్యు సమాచారం వాడే తీరు అది కాదు. ఒక మనిషికి రేపేం జరుగుతుందో దాన్ని అడగం. ఈ రోగం అసలు ఎందుకు పుడుతోంది, ఏది మూలం, ఏది పర్యవసానం అని అడుగుతాం. సాక్షిని బోనులో నిలబెట్టి అడిగినట్టు అడుగుతాం. ఆ సాక్షి ఎప్పుడు నిజం చెబుతుంది, ఎప్పుడు మనల్ని దారి తప్పిస్తుంది, ఈ రెండూ ఇవాళ మాట్లాడుకుందాం.

రోగం గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముకకు, నడుము కింద కటి ఎముకలు కలిసే కీళ్లకు వచ్చే వాపు వాతం. ఎక్కువగా ఇరవైల్లో మొదలవుతుంది. మామూలు నడుము నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరుగుతుంది, నడిస్తే తగ్గుతుంది. తెల్లవారుజామున నిద్ర లేపుతుంది. కొందరికి కన్ను ఎర్రబడి నొప్పి, కొందరికి పేగుల్లో వాపు, కొందరికి చర్మం మీద సొరియాసిస్. ఎముకకు స్నాయువు అతుక్కునే చోట వాపు వచ్చి, ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ కొత్త ఎముక పెరిగి, పూసలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. మొదటి నొప్పికీ, రోగం పేరు తెలియడానికీ మధ్య సగటున ఏడేళ్ల దాకా పోతోంది. ఏడేళ్లు! ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక 1973. ఆ ఏడాది లండన్‌లో బ్రూవర్టన్ బృందం, లాస్ ఏంజెలెస్‌లో ష్లాస్‌స్టైన్, టెరసాకీ బృందం, వేర్వేరుగా ఒకే విషయం పట్టుకున్నారు. లండన్‌లో 75 మంది రోగుల్ని పరీక్షిస్తే 72 మందిలో బీ27 ఉంది. రోగం లేని 75 మందిలో ముగ్గురికే ఉంది. 72, 3. వైద్యంలో ఇంత స్పష్టమైన లెక్క చాలా అరుదుగా దొరుకుతుంది. అప్పట్లో జన్యువు అక్షరాలు చదివే యంత్రాలు లేవు. రక్తకణాల పైన ఉండే గుర్తుల్ని బట్టి ఇది పట్టుకున్నారు.

మరి అంత స్పష్టంగా ఉంటే కథ అక్కడే అయిపోవాలి కదా? బీ27 ఉంది, రోగం వచ్చింది. అంతే కదా?

అక్కడే ఆగాలి. లెక్కను తిప్పి చూడండి. రోగుల్లో ఎంతమందికి బీ27 ఉంది అన్నది ఒక ప్రశ్న. బీ27 ఉన్నవాళ్లలో ఎంతమందికి రోగం వస్తుంది అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు వందకు తొంభై దాటుతుంది. రెండోదానికి? వందకు ఐదుగురు, అంతే. చాలా చోట్ల అంతకన్నా తక్కువ. మిగతా తొంభై అయిదు మంది ఆ గుర్తును మోస్తూ, ఈ రోగం అన్నది తెలియకుండా, నిండు జీవితం గడుపుతారు. ఆ కుర్రాడి రిపోర్టు మీద ఎర్ర సున్నా చుట్టినవాళ్లు మొదటి లెక్క చూసి రెండో లెక్క చెప్పారు. ఈ పొరపాటు రోజూ జరుగుతోంది. దీనివల్ల ఎన్ని ఇళ్లలో నిద్రలు పోతున్నాయో నాకు తెలుసు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

అయితే ఇంట్లో అమ్మకో నాన్నకో తోబుట్టువుకో ఈ రోగం ఉంటే, బీ27 ఉన్న మిగతావాళ్లకు వచ్చే అవకాశం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఎందుకు? అదే బీ27 కదా, ఇంటివాళ్లలో ఎందుకు ఎక్కువ ప్రభావం? అంటే దానితోపాటు ఇంకేవో కూడా వంశంలో వస్తున్నాయన్నమాట. కవలల్ని చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1997లో బ్రిటన్ కవలల మీద ఒక అధ్యయనం వచ్చింది. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి రోగం ఉంటే, సగానికి పైగా జంటల్లో రెండోవారికీ ఉంది. మామూలు కవలల్లో, ఇద్దరికీ బీ27 ఉన్నా సరే, సుమారు నాలుగో వంతు జంటల్లోనే ఇద్దరికీ ఉంది. ఆ తేడా అంతా ఎక్కడి నుంచి వచ్చింది? బీ27 కాని జన్యువుల నుంచి. మనిషికీ మనిషికీ మధ్య ఈ రోగం వచ్చే అవకాశంలో కనబడే తేడాలో 90 శాతానికి పైగా జన్యువుల లెక్కలోకే పోతుంది. అందులో బీ27 వాటా అయిదో వంతే.

సరే, మిగతావి ఎలా వెతకాలి? వేలమంది రోగుల్ని, వేలమంది రోగం లేనివాళ్లని తీసుకుని, ఒక్కొక్కరి జన్యువుల్లో లక్షల చోట్ల ఏ అక్షరం ఉందో చదువుతాం. ఏ చోట ఏ అక్షరం రోగుల్లో ఎక్కువగా ఉందో లెక్క కడతాం. ఇన్ని లక్షల చోట్ల వెతికితే కాకతాళీయంగా కూడా కొన్ని తగులుతాయి కదా. అందుకే నియమం కఠినంగా పెట్టుకున్నారు. ఒక ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం రెండు కోట్లలో ఒకటి కన్నా తక్కువ ఉంటేనే నమ్ముతాం.

ఈ లెక్కని బొమ్మగా గీస్తే ఎలా ఉంటుందో చెబుతాను. అడ్డంగా క్రోమోజోములు ఒకటి నుంచి ఇరవై రెండు వరకు వరసగా. ప్రతి చోటుకీ ఒక చుక్క. సంబంధం ఎంత గట్టిదైతే చుక్క అంత పైన. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ బొమ్మ గీసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఆరో క్రోమోజోము మీద బీ27 ఉన్న చోట చుక్కలు ఎంత ఎత్తుకు లేస్తాయంటే, మిగతావన్నీ నేలకు అంటుకున్న గడ్డిలా కనబడతాయి. వాటిని చూడాలంటే నిలువు గీతను మధ్యలో తెంపి, పై భాగం కుదించి గీయాలి. నేను మొదటిసారి అలా తెంపిన బొమ్మ చూసినప్పుడు, గడ్డి అనుకున్న చోట చిన్న చిన్న శిఖరాలు కనబడ్డాయి. నాకు ఆ రోజు బాగా గుర్తు. మా పనంతా ఆ చిన్న శిఖరాల్లోనే ఉంది.

2007లో అలాంటివి రెండు బయటపడ్డాయి. ఈరాప్-1, ఐఎల్-23 రిసెప్టర్ అనే జన్యువులు. 2013కల్లా అంతర్జాతీయ బృందం 10,619 మంది రోగుల్ని 15,145 మంది ఇతరులతో పోల్చి ఇంకో 13 కొత్త చోట్లు కనిపెట్టింది. ఆ తర్వాత జాబితా వంద దాటింది. పేర్లన్నీ చదవను, అక్కర్లేదు. ఈ రెండింటి గురించే చెబుతాను, ఎందుకంటే వీటిలో మొత్తం కథ ఉంది.

ముందు ఈరాప్-1. మన కణం లోపల పాత ప్రొటీన్లు ముక్కలవుతుంటాయి. ఆ ముక్కల్ని కణం తన పైభాగానికి తెచ్చి రోగనిరోధక కణాలకు చూపిస్తుంది. చూడండి, నా లోపల ఉన్నవి ఇవీ, అని. ఆ ముక్కని పట్టుకుని చూపించే చెయ్యే హెచ్‌ఎల్‌ఏ. బీ27 అలాంటి ఒక చెయ్యి. దాని అరచేతిలో ఒక గాడి ఉంటుంది. ఆ గాడిలో సాధారణంగా తొమ్మిది అమైనో ఆమ్లాల (ప్రొటీన్లను కట్టే ఇటుకలు) ముక్క పడుతుంది. రెండో స్థానంలో ఆర్జినిన్ అనే ఆమ్లం ఉంటే గట్టిగా కూర్చుంటుంది. మరి ఆ ముక్కని సరైన పొడవుకు కత్తిరించేది ఎవరు? ఈరాప్-1. అదొక కత్తెర. కొందరి కత్తెర చురుకు, కొందరిది మందకొడి. మందంగా కత్తిరించే రకం ఉన్నవాళ్లకి రోగం వచ్చే అవకాశం తక్కువ.

ఇక్కడే అసలు విశేషం ఉంది, జాగ్రత్తగా వినండి. 2011లో తేలిందేమిటంటే, ఈ కత్తెర తేడా ప్రభావం బీ27 ఉన్నవాళ్లలోనే కనబడింది. బీ27 లేనివాళ్లలో కత్తెర చురుగ్గా ఉన్నా, మందంగా ఉన్నా ఒకటే. దీన్నిబట్టి ఏం అర్థమవుతోంది? కత్తెరా, చెయ్యీ ఒకే పనిలో కలుస్తున్నాయి. తప్పు ఎక్కడో ఆ ముక్కల దగ్గరే జరుగుతోంది. ఎలుకని కొయ్యకుండా, మనిషికి మందు ఎక్కించకుండా, కేవలం వేలమంది జన్యు అక్షరాల లెక్కలోంచి ఈ సంగతి బయటికి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఇది ఆశ్చర్యంగానే ఉంటుంది.

దీనికి ప్రకృతి ఇచ్చిన ఇంకో ఆధారం ఉంది. బీ27లో చాలా ఉపరకాలున్నాయి. 27:05 అనేది రోగంతో గట్టిగా ముడిపడింది. సార్డీనియా దీవిలో కనబడే 27:09కి ఆ సంబంధం దాదాపు లేదు. రెండింటికీ తేడా ఎంత? ఒకే ఒక్క అమైనో ఆమ్లం. 116వ స్థానంలో. అదెక్కడుంది? ఆ గాడి అడుగునే. మళ్లీ అదే చోటు! 2022లో రోగుల శరీరంలోంచి తీసిన టీ-కణాలనే రోగనిరోధక కణాల గ్రాహకాల్ని పరిశీలిస్తే, బీ27 పట్టుకున్న సూక్ష్మజీవుల ముక్కల్నీ మన సొంత ముక్కల్నీ అవి ఒకేలా గుర్తుపడుతున్నాయని తేలింది. శత్రువు అనుకుని ఇంటివాడి మీద పడటం అన్నమాట.

ఇప్పుడు రెండో భాగానికి వస్తాను. కాసేపు లేచి నిలబడేవాళ్లు నిలబడండి.

మీరు డాక్టరు దగ్గర అడిగే ప్రశ్నలు గుర్తుచేసుకోండి. నా సీఆర్‌పీ (వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) ఎక్కువగా ఉంది, అందుకే రోగం వచ్చిందా? పేగులో సూక్ష్మజీవులు మారాయంటున్నారు, అదే కారణమా? సిగరెట్టు తాగేవాళ్లలో వెన్ను ఎక్కువ దెబ్బతింటోంది, సిగరెట్టే చేసిందా? వీటన్నిటిలో ఒకే చిక్కు ఉంది. రెండూ కలిసి కనబడుతున్నాయి, ఏది ముందు? రోగం వచ్చాక మనిషి తిండి మారుతుంది, నడక మారుతుంది, నిద్ర మారుతుంది, వాడే మందులు పేగును మారుస్తాయి. రోగం వచ్చాక తీసిన రక్తంలో కారణం ఏదో, పర్యవసానం ఏదో విడదీయడం చాలా కష్టం.

జన్యువుకి ఒక సుగుణం ఉంది. అది ముందు వస్తుంది. అమ్మ నుంచి ఏది, నాన్న నుంచి ఏది అన్నది పిండం ఏర్పడే క్షణంలో చీటీలు వేసినట్టు తేలిపోతుంది. బఠానీ మొక్కలతో మెండెల్ చూపించింది ఇదే. ఆ తర్వాత మనం ఏం తిన్నా, ఏం తాగినా ఆ చీటీ మారదు. ఈ సుగుణాన్ని పరిశోధనకు వాడుకోవచ్చని 1986లో కటాన్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న లేఖలో సూచించాడు. 2003లో డేవీ స్మిత్, ఇబ్రహీం దాన్ని ఒక పద్ధతిగా వివరించారు. పేరు మెండీలియన్ రాండమైజేషన్. పేరుకి భయపడకండి. పుట్టుకతోనే చీటీ ద్వారా సీఆర్‌పీ కొంచెం ఎక్కువగా ఉండేలా వచ్చినవాళ్లు ఉంటారు. సీఆర్‌పీయే కారణమైతే, వాళ్లకి రోగం కూడా ఎక్కువ రావాలి. రాకపోతే? సీఆర్‌పీ కారణం కాదు. గుండె జబ్బు విషయంలో 2011లో సరిగ్గా ఇదే అడిగారు. గుండె జబ్బు ఉన్నవాళ్లలో సీఆర్‌పీ ఎక్కువే. అయినా పుట్టుకతో సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవాళ్లకి గుండె జబ్బు ఎక్కువ రాలేదు. నిప్పు లేనిదే పొగ రాదు, నిజమే. కానీ పొగని విసిరితే నిప్పు ఆరదు. సీఆర్‌పీ పొగ.

ఎంత బాగుంది కదా? ఈ పద్ధతి వచ్చాక వెన్నెముక వాతం మీద కూడా పేపర్లు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. ఫలానా బ్యాక్టీరియా కారణం, ఫలానా విటమిన్ కారణం అని. సమాచారం నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ప్రోగ్రామ్ సిద్ధంగా ఉంటుంది, ఒక మధ్యాహ్నంలో ఫలితం వచ్చేస్తుంది. ఇవి చదివి మీరు మందులు మానేసి ప్రోబయోటిక్ పొడులు కొనుక్కుంటే నాకు చాలా బాధ. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

పేగులోని సూక్ష్మజీవులకీ మన జన్యువులకీ గట్టిగా రుజువైన సంబంధాలు చాలా కొద్ది. వాటిలో బాగా తెలిసింది లాక్టేస్ జన్యువు, బిఫిడోబ్యాక్టీరియా. పాలలోని చక్కెర అరగనివాళ్ల పేగులో ఆ చక్కెర మిగిలిపోతుంది, దాన్ని తిని ఈ బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇప్పుడు ఎవరో ఈ జన్యువుని తీసుకుని, బిఫిడోబ్యాక్టీరియా వల్ల వాతం మారుతోంది అన్నారనుకోండి. నేనేం అడగాలి? బ్యాక్టీరియా వల్లా? పాలు తాగడం, మానడం వల్లా? పాలు మానితే తగ్గే కాల్షియం వల్లా? జన్యువు ఒకటే, దారులు మూడు. సాక్షి అబద్ధం చెప్పలేదు. మనమే ప్రశ్న తప్పు అడిగాం. ఆ జన్యువు మనం అనుకున్న ఒక్క దారిలోనే పనిచేస్తుందని చూపించనంత వరకు ఈ లెక్కకు విలువ లేదు.

మన రోగంలో ఇంకో ఉచ్చు ఉంది. ఆరో క్రోమోజోము మీది హెచ్‌ఎల్‌ఏ ప్రాంతం. అక్కడి జన్యువులు విడివిడిగా రావు, ఒకే మూటలో కట్టినట్టు కలిసి వస్తాయి. పైగా ఒక్కొక్కటీ నాలుగు పనులు చేస్తుంది. బీ27నే చూడండి, వెన్నుకు చెరుపు చేస్తుంది, హెచ్ఐవీ సోకినవాళ్లలో రోగం ముదరకుండా ఆలస్యం చేస్తుంది. ఆ ప్రాంతంలోని ఒక అక్షరాన్ని తీసుకుని దేనికి ముడిపెట్టినా వాతానికి సంబంధం తేలుతుంది, ఎందుకంటే మూటలో బీ27 ఉంది. అందుకే ఎవరైనా విద్యార్థి నాకు ఇలాంటి ఫలితం చూపిస్తే మొదట అడిగేది ఒకటే. హెచ్‌ఎల్‌ఏ ప్రాంతం తీసేసి మళ్లీ లెక్క కట్టావా?

ఇందాక ఏడేళ్లు గుర్తుపెట్టుకోమన్నాను. బ్రిటన్ బయోబ్యాంకులో ఐదు లక్షల మంది ఉన్నారు, ఫిన్లాండు ఫిన్‌జెన్‌లోనూ అంతే. జన్యు, ఆరోగ్య సమాచారానికి గొప్ప నిధులు ఇవి. కానీ రోగం పేరు తెలియడానికి ఏడేళ్లు పట్టే జబ్బులో, 'రోగం లేనివాళ్లు' అని రాసినవాళ్లలో కొందరికి రోగం ఉంటుంది. అదీగాక ఈ నిధుల్లో ఎక్కువమంది యూరోపియన్ మూలాలవాళ్లు. ఉపరకాలు చోటును బట్టి మారే రోగంలో ఇది చిన్న లోటు కాదు.

మరి పేగు సంగతి వదిలేయాలా? వద్దు. పేగు మీద నాకు గట్టి అనుమానమే ఉంది. మనిషి బీ27ని ఎలుకల్లో పెడితే వాటికి పేగు వాపు, కీళ్ల వాపు వస్తాయి. 1994లో అవే ఎలుకల్ని సూక్ష్మజీవులు లేని గదుల్లో పెంచారు. పేగు వాపు రాలేదు, కీళ్ల వాపు రాలేదు. జన్యువు అదే, కానీ సూక్ష్మజీవి లేకపోతే మంట లేదు. పేగు వాపు జబ్బుల జన్యువులకీ, వెన్ను వాతం జన్యువులకీ చాలా పొత్తు కూడా ఉంది. ఇలా వేర్వేరు వైపుల నుంచి సాక్ష్యం ఒకే చోటికి వస్తే నమ్మకం కలుగుతుంది. ఒక్క లెక్కతో కలగదు.

చివరగా ఐఎల్-23. రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతం ఇది, దాన్ని అందుకునేది రిసెప్టర్. ఆ రిసెప్టర్ జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకి క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు, సొరియాసిస్, వెన్నెముక వాతం, మూడూ తక్కువ వస్తాయి. వాపు పుట్టే దారిలో ఐఎల్-23 ముందు మెట్టు, ఐఎల్-17 అనే ఇంకో సంకేతం తర్వాతి మెట్టు. జన్యువు ఇంత స్పష్టంగా వేలు చూపిస్తుంటే మందు తయారుచేయడమే తరువాయి కదా? జన్యు ఆధారం ఉన్న మందులు చివరిదాకా నెగ్గే అవకాశం 2.6 రెట్లు ఎక్కువని 2024లో లెక్క కూడా తేలింది. ఐఎల్-17ని ఆపే సెకుకినుమాబ్‌కి 2016లో అమెరికాలో ఈ రోగానికి అనుమతి వచ్చింది, ఎందరికో వెన్ను సడలింది. ఐఎల్-23ని ఆపే మందులు పేగుకి, చర్మానికి బాగా పనిచేశాయి. వెన్నుకి? పనిచేయలేదు. ట్రయల్స్‌లో మందు లేని ఉత్తి సూదికీ ఈ మందులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

జన్యువు అబద్ధం చెప్పిందా? నేను చాలా రోజులు దీని గురించే ఆలోచించాను. నాకు అర్థమైనది ఇది. జన్యువు పుట్టినప్పటి నుంచీ పనిచేస్తుంది. అది చెప్పేది రోగం ఎలా అంటుకుందో. మందు ఇచ్చేది అంటుకున్న పదేళ్లకి. అగ్గిపుల్ల వల్ల ఇల్లు అంటుకుంది, నిజమే. మంట దూలాలకెక్కాక అగ్గిపుల్ల ఆర్పి ఏం లాభం? ఐఎల్-23 లేకుండానే ఐఎల్-17ని తయారుచేసే కణాలు స్నాయువులు అతుక్కునే చోట్ల ఉన్నాయని ఇప్పుడు తెలుసు. అందరూ నాతో ఏకీభవించరు, కానీ ఇప్పటికి నాకు సరిగ్గా తోచిన వివరణ ఇదే. కాబట్టి ఎవరైనా 'జన్యువు ప్రకారం కారణం ఇదీ' అంటే, మొదలవడానికి కారణమా, కొనసాగడానికి కారణమా అని అడగండి.

ఆ కుర్రాడికి ఏం చెప్పానో చెప్పి ఆపేస్తాను. రిపోర్టు టేబుల్ మీద పరిచి, వెనకవైపు తెల్ల కాగితం మీద నూరు చుక్కలు పెట్టాను, పది వరసలు. అన్నయ్యకి రోగం ఉంది కాబట్టి ఐదుకి బదులు ఎక్కువే, పదిహేను దాకా నల్లగా దిద్దాను. మిగతావి ఖాళీ. "నువ్వు వీటిలో ఏదో నాకు తెలీదు. నీ జన్యువుకీ తెలీదు" అన్నాను. మూడు నెలలు దాటిన నడుము నొప్పి, పొద్దున అరగంటకు మించిన బిగుతు, నొప్పితో ఎర్రబడే కన్ను, వీటిలో ఏది వచ్చినా ఆ రోజే రమ్మన్నాను. సిగరెట్టు ఉంటే మానెయ్యమన్నాను, దానికి ఏ జన్యు లెక్కా అక్కర్లేదు. అతను చాలాసేపు ఆ చుక్కల్నే చూశాడు. లెక్కపెట్టుకున్నాడు కూడా. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఈసారి చుక్కలవైపు పైకి వచ్చేలా.

ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ కిటికీ పక్కన నిలబడ్డ అమ్మాయి, ఇందాకటి నుంచి చెయ్యెత్తే ఉంది. చెప్పమ్మా.